ఐటీఐల్లో కొత్త యంత్రాలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో జరుగుతున్న మార్పుల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటిని ఎంచుకుని, ఈసారి పూర్తిగా వాటికే చోటు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి ఓ మోస్తరు మార్కులతో పాసయ్యాడు. ఇంటర్‌లో చేరనంటున్నాడు. మాకు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ ఆవరణలో ఏటీసీ అని కొత్త భవనం కట్టి, యంత్రాలు బిగించారు. మా తోడికోడలు మాత్రం ‘ఐటీఐ అంటే చదువు అబ్బనివాళ్లు చేరేది’ అంటోంది. అసలు చేర్చవచ్చా? చేర్చితే పాత ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సుల్లోనా, కొత్తవాటిలోనా?
– ఒక తల్లి, జనగామ జిల్లా

జవాబు: చేర్చవచ్చు. అయితే భవనాన్ని చూసి కాదు, లోపల జరుగుతున్న పనిని చూసి నిర్ణయించుకోండి. మన దేశంలో ఐటీఐ చదువులకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. ఆనాటి భారీ పరిశ్రమలకు కావలసిన ఫిట్టర్లను, టర్నర్లను, వెల్డర్లను తయారుచేయడమే దాని లక్ష్యం, ఆ పనిని అది చాలాకాలం బాగానే చేసింది. తర్వాత కర్మాగారాల్లో మామూలు లేత్ మిషన్ల స్థానంలో కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు వచ్చినా, చాలా ఐటీఐల్లో పిల్లలు పాత లేత్ దగ్గరే ఉండిపోయారు. మీ తోడికోడలి మాట ఆ కాలంలో పుట్టింది. ఆ చిన్నచూపును పట్టించుకోకండి.

ఏటీసీ అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను ఇలా మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2024 జూన్ 18న హైదరాబాద్‌లోని మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది, 2025 సెప్టెంబరులో అక్కడే ప్రారంభోత్సవమూ జరిగింది. మొత్తం అంచనా 2,324 కోట్ల రూపాయలు. అందులో ప్రభుత్వ వాటా సుమారు 308 కోట్లు కాగా, మిగిలిన పెద్ద భాగం కంపెనీ వైపు నుంచి వస్తుంది. ఇది మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. ఇదే సంస్థతో కర్ణాటక 150 ఐటీఐలను, తమిళనాడు 71 ఐటీఐలను మనకంటే ముందే ఈ దారిలోకి తెచ్చాయి.

ఈ కేంద్రాల్లో దీర్ఘకాలిక కోర్సులు ఆరు. పరిశ్రమల్లో ఆటోమేషన్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఆధునిక పనిముట్లతో చేసే ఆర్టిజన్ కోర్సు ఏడాదివి. సీఎన్‌సీ మెషినింగ్, మెకానికల్ డిజైన్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ రెండేళ్లవి. ఇవి కూడా జాతీయ స్థాయిలో గుర్తింపు ఉన్న ట్రేడ్‌లే కాబట్టి, పాసైనవారికి ఫిట్టర్‌కు వచ్చినట్టే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు గమనించని చిక్కు ఒకటుంది. ప్రభుత్వ రంగ ఉద్యోగ ప్రకటనలు సాధారణంగా ట్రేడ్‌ల పేర్లు చెప్పి మరీ దరఖాస్తులు పిలుస్తాయి. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ ట్రేడ్‌లో గానీ వైర్‌మన్‌లో గానీ ఐటీఐ లేదా ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడుగుతారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్ వంటి ట్రేడ్‌ల జాబితా ఉంటుంది. కొత్త ట్రేడ్ ఎంత ఆధునికమైనదైనా, దాని పేరు ఆ జాబితాలోకి ఎక్కేదాకా ఆ దరఖాస్తుకు పనికిరాదు. శిక్షణను మార్చినంత వేగంగా నియామక నిబంధనలను మార్చకపోవడం ప్రభుత్వాల లోపమే గానీ, దాని ఫలితం అనుభవించేది మీ అబ్బాయి. కాబట్టి అతని మనసు లైన్‌మన్, రైల్వే ఉద్యోగాల మీద ఉంటే ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్‌లో చేర్చండి. ప్రైవేటు కర్మాగారంలో చేరి పనిలో ఎదగాలనుకుంటే సీఎన్‌సీ లేదా ఎలక్ట్రిక్ వాహనాల రెండేళ్ల కోర్సు మేలు. రోబోటిక్స్ పేరు వినసొంపుగా ఉన్నా, పదో తరగతి ముగించి నేరుగా వచ్చిన కుర్రాడికి ఏడాదిలో ఒంటబట్టేది తక్కువని నా అభిప్రాయం. ఫిట్టరో ఎలక్ట్రీషియనో అయినవాడు దాన్ని తర్వాత నేర్చుకుంటే దాని విలువ వేరు.

చేర్చే ముందు ఒక పనిదినాన మధ్యాహ్నం పూట ఆ వర్క్‌షాప్‌కు వెళ్లి, సీఎన్‌సీ యంత్రం కింద ఉండే తురుము ట్రేను చూడండి. అందులో తాజా లోహపు తురుము, కోత వేడిని తగ్గించే కూలెంట్ ద్రవపు తడి ఉంటే పిల్లలు నిజంగా పని చేస్తున్నారన్నమాట. ట్రే తుడిచినట్టు మెరుస్తుంటే ఆ యంత్రం సందర్శకుల కోసమే ఉన్నట్టు. ఒక్కొక్కరి చేతికి యంత్రం వారానికి ఎన్ని గంటలు వస్తుందో, కోర్సు చివర అప్రెంటిస్‌షిప్‌కు ఏ ఏ కంపెనీలు పిలుస్తాయో కూడా అడగండి. చదువు అక్కడితో ఆగిపోతుందన్న బెంగ వద్దు. రెండేళ్ల ఐటీఐ తర్వాత ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏట చేరే వీలుంది.

ప్రశ్న: నేను పదో తరగతి పాసైన అమ్మాయిని. ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ నేర్చుకోవాలని ఉంది. కరెంటుతో ప్రమాదమనీ, ఆడపిల్లకు ఆ పని ఎవరిస్తారనీ ఇంట్లో అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఐటీఐలు ఇలా మారుతాయా?
– గాజువాక, విశాఖపట్నం

జవాబు: ప్రమాదం ఉన్న మాట నిజమే. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ వోల్టేజీ కొన్ని వందల్లో ఉంటుంది. అందుకే ఆ తీగలకు నారింజ రంగు తొడుగు వేస్తారు. శిక్షణలో మొదట నేర్పవలసింది రిపేరు కాదు, ఆ తీగను ముట్టుకునే ముందు చేయవలసిన పని. బండిని ఆపి, తాళాన్ని దూరంగా పెట్టి, ఇన్సులేటెడ్ చేతితొడుగులు వేసుకుని, బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్‌ను తీసి, కెపాసిటర్లలోని విద్యుత్తు దిగిపోయేదాకా వేచి ఉండి, వోల్టేజీ సున్నా అయిందని మీటరుతో చూసుకున్న తర్వాతే చేయి పెట్టాలి. మీరు చూడబోయే ఐటీఐలో ఆ చేతితొడుగులు ప్రతి విద్యార్థికీ సరిపడా ఉన్నాయా, వాటిని ఎప్పటికప్పుడు పరీక్షిస్తున్నారా అన్నది తప్పక కనుక్కోండి. ఆ వరుసను తప్పకుండా పాటించేవారికి ఈ పనిలో ఆడ, మగ తేడా లేదు. బోల్టులు విప్పే బలం కంటే లోపాన్ని కనిపెట్టే ఓపిక ఇక్కడ ఎక్కువ అవసరం.

ఇక రాష్ట్రం సంగతి. కేంద్ర మంత్రివర్గం 2025 మే నెలలో ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. కేంద్రం 30,000 కోట్లు, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు భరించాలి. పీఎం-సేతు పేరుతో అదే ఏడాది అక్టోబరు 4న ప్రారంభమైన ఈ పథకంలో దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐలు ఉంటాయి. వాటిలో 200 పెద్ద కేంద్రాలు, ఒక్కోదానికి అనుబంధంగా మరికొన్ని చొప్పున 800 చిన్నవి. ఆంధ్రప్రదేశ్ ఐటీఐలు బాగుపడేందుకు ఉన్న ప్రధాన మార్గం ఇదే. కానీ పథకం మీ ఊరికి చేరేదాకా ఏడాది వృథా చేసుకోవద్దు. మీకు దగ్గర్లో ఎలక్ట్రిక్ వాహనాల ట్రేడ్ లేకపోతే ఎలక్ట్రీషియన్‌లో చేరండి. మోటార్లు, కొలతలు, వైరింగ్ అక్కడ గట్టిగా వస్తే, బ్యాటరీ భాగం తర్వాత స్వల్పకాలిక కోర్సుతో పట్టుబడుతుంది.

ప్రశ్న: మాది విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్. ఐటీఐ పాసై వచ్చిన పిల్లలకు డ్రాయింగ్ చదవడం రాదు, కొలత తీయడం రాదు. ఆరు నెలలు మేమే నేర్పుకోవాలి. నేర్చుకోగానే పెద్ద కంపెనీకి వెళ్లిపోతారు. వేల కోట్లు పోసి రోబోలు తెస్తే మాలాంటివారికి ఒరిగేదేమిటి?
– ఒక యజమాని, బాలానగర్, హైదరాబాద్

జవాబు: మీ ఫిర్యాదులో సగం పూర్తిగా న్యాయమైనది. వెర్నియర్ కాలిపర్‌తో 0.02 మిల్లీమీటరు, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు దాకా కొలిచి చెప్పగలగడం ఫిట్టర్‌కు ఓనమాలు. అది రాని కుర్రాడి ముందు రోబోను నిలబెట్టినా ప్రయోజనం లేదు. వైస్‌లో ఇనుప ముక్కను బిగించి, ఆకురాయితో రోజుల తరబడి చదును చేసి, ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి సందు కనిపించకుండా తేవడమన్న పాత అభ్యాసాన్ని కొందరు కాలం చెల్లిందని తీసిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను. సీఎన్‌సీ యంత్రం కోసిన ముక్క తప్పిందో లేదో చెప్పవలసింది చివరికి ఆ కన్నూ ఆ చేయే. ఆధునికీకరణ దాని మీద కట్టాలి గానీ దాన్ని తీసేసి కాదు.

రెండో సగం మాత్రం మీవైపు చూపించక తప్పదు. 2007-08లో మొదలైన పథకం కింద కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కోదానికి రెండున్నర కోట్ల రూపాయల వడ్డీలేని రుణం ఇచ్చి, స్థానిక పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షుడిగా యాజమాన్య కమిటీలు పెట్టించింది. ఏ ట్రేడ్ కావాలో, ఏ యంత్రం కొనాలో పరిశ్రమే చెప్పాలన్నది ఉద్దేశం. చాలాచోట్ల కమిటీ సమావేశాలు సంతకాలతో ముగిశాయనీ, డబ్బు బ్యాంకు డిపాజిట్లలోనే మగ్గిందనీ విమర్శలు వచ్చాయి. ప్రిన్సిపాల్‌కు ఖర్చు పెట్టాలంటే ఆడిట్ భయం, పారిశ్రామికవేత్తకు వర్క్‌షాప్ దాకా వచ్చే తీరిక లేకపోవడం, ఈ రెండూ కలిసి ఆ ప్రయత్నాన్ని నీరుగార్చాయి. ఇప్పటి పీఎం-సేతులో నిర్వహణను పరిశ్రమ ఆధ్వర్యంలోని ప్రత్యేక సంస్థ చేతిలో పెట్టడానికి కారణం ఆ అనుభవమే. అయితే ఆ కుర్చీలో పెద్ద కంపెనీలే కూర్చుంటే బాలానగర్ చిన్న యూనిట్ల అవసరం మళ్లీ వెనక్కి పోతుంది. ఆ భయం నాకూ ఉంది. మీ పారిశ్రామికవాడ సంఘం తరఫున ఒకరు దగ్గర్లోని ఐటీఐ కమిటీలో చోటు అడిగి తీసుకోవాలి.

మీరు ఒంటరిగా చేయగలిగిందీ ఉంది. అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు మొత్తం బలగంలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. అంతకంటే చిన్నవి, కనీసం నలుగురు ఉంటే, ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఎలాగూ ఆరు నెలలు నేర్పుతున్నానంటున్నారు కదా, ఆ ఆరు నెలలను చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్‌గా మార్చుకుంటే కుర్రాడికి సర్టిఫికెట్, మీకు కొంత ఆసరా. ఇంకా మెరుగైనది ద్వంద్వ శిక్షణ విధానం. అందులో విద్యార్థి కోర్సు కాలంలోనే కొన్ని నెలలు మీ యూనిట్‌లో పని నేర్చుకుంటాడు, మీ డ్రాయింగ్‌ల మీదే అతని చేయి తిరుగుతుంది. నేర్చుకున్నవాడు వెళ్లిపోతాడన్న మాటకు మాత్రం శిక్షణ కేంద్రం దగ్గర మందు లేదు. అది జీతం సంగతి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఐటీఐలో చాలాకాలంగా బోధిస్తున్నాను. కొత్త యంత్రాలు వచ్చాయి, వాటి శిక్షకులను కంపెనీ పంపింది. ఒప్పందం ముగిశాక ఎవరు నడుపుతారని అడిగితే సమాధానం లేదు. దీని గురించి ఎవరూ ఎందుకు రాయరు?
– ఒక ఇన్‌స్ట్రక్టర్, కరీంనగర్ జిల్లా

జవాబు: రాయవలసిందే, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. యంత్రాన్ని ఒక్క టెండరుతో కొనవచ్చు. ఇన్‌స్ట్రక్టర్‌ను అలా తేలేం. క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణకు హైదరాబాద్‌లోనే విద్యానగర్, రామంతాపూర్‌లలో జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. పీఎం-సేతు కింద బలోపేతం చేయనున్న ఐదు జాతీయ సంస్థల్లో హైదరాబాద్ ఒకటి. శాశ్వత సిబ్బందిని విడతలవారీగా అక్కడికో, ఆ యంత్రాలు రోజూ నడిచే కర్మాగారాలకో కొన్ని నెలలపాటు పంపి, వారి తరగతులకు ప్రత్యామ్నాయం చూపే బాధ్యత శాఖది. మీవైపు నుంచి ఒకటి చేయండి. కంపెనీ శిక్షకుడు చెప్పే ప్రతి తరగతిలో మీరూ నిలబడి నేర్చుకునే హక్కును రాతపూర్వకంగా అడగండి.

మీరు రాయని ఖర్చు ఒకటి నేను కలుపుతాను. సీఎన్‌సీ యంత్రానికి లోహాన్ని కోసే కార్బైడ్ ఇన్సర్టులు అరుగుతాయి, కూలెంట్ మార్చాలి, కోతకు రాడ్లు కావాలి, సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు తీరుతుంది. ఇన్సర్టు విరుగుతుందన్న భయంతో పిల్లలచేత తెర మీద సిమ్యులేషన్ చేయించి సరిపెట్టే పరిస్థితి రాకూడదంటే, ముడిసరుకుల పద్దు యంత్రాల సంఖ్యను బట్టి కాక, ప్రతి విద్యార్థి చేయవలసిన కోత గంటలను బట్టి లెక్కకట్టాలి. 20 మంది ఉన్న బ్యాచ్‌లో ఒక్కో విద్యార్థి ఏడాదికి ఎన్ని ముక్కలు కోయాలో ముందే రాసిపెట్టి, ఆ లెక్కతో ప్రతిపాదన పంపి చూడండి. లెక్క లేని వినతిపత్రం కంటే అది ఫైలులో ఎక్కువ దూరం కదులుతుంది.

ప్రశ్న: గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. ఏటీసీలో స్వల్పకాలిక కోర్సు చేస్తే సరిపోతుందా?
– నిజామాబాద్

జవాబు: మీకు ఇప్పటికే చేతిలో ఒక పని ఉంటే స్వల్పకాలిక కోర్సు దానికి మెరుగు పెడుతుంది. ఏ పనీ రానివారికి అదొక్కటే చాలదు. గల్ఫ్ కంపెనీలు సర్టిఫికెట్‌తో పాటు ట్రేడ్ టెస్టు పెట్టి, మీ ఎదుటే వెల్డింగో వైరింగో చేయించి చూస్తాయి. దళారుల చేతిలో పడకుండా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో నమోదు చేసుకోండి, ఏ ఏజెంటు అయినా విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్నవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకున్న తర్వాతే పాస్‌పోర్టు ఇవ్వండి.