మహాగనీ గిటార్‌కి ఏ పికప్ నప్పుతుంది? బాస్‌వుడ్‌కి వేరేది వేయాలా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఉన్న మహాగనీ చెక్క ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏ పికప్ (తీగ ఊగుడును కరెంటుగా మార్చే భాగం) వేయాలి, కొనబోయే బాస్‌వుడ్ గిటార్‌కి వేరే రకం కావాలా అని. రెండింటికీ నా జవాబు ఒకటే: చెక్కను చూసి పికప్ కొనకండి. మీరు ఏం వాయిస్తారో, ఏ యాంప్లిఫయర్‌లో వాయిస్తారో చూసి కొనండి.

మహాగనీ గంభీరం, మేపుల్ పదును, ఆల్డర్ మధ్యస్థం, కాబట్టి గంభీరమైనదానికి పదునైన పికప్ వేయాలి అంటూ ఇంటర్నెట్‌లో కొన్ని పట్టికలు తిరుగుతుంటాయి. నాకు అవి జాతకాలు కలపడంలాగే కనిపిస్తాయి. గణం కుదిరింది, నాడి కుదిరింది, ముహూర్తం పెట్టించేయండి అంటారు. పిల్లా పిల్లవాడూ ఒక్క మాటైనా మాట్లాడుకున్నారా అన్నది ఎవరికీ పట్టదు.

ఆ పట్టికలు రాసేవాళ్లు కాస్త చరిత్ర తిరగేస్తే బాగుండును. ఫెండర్ వాళ్లు 1954లో స్ట్రాటోకాస్టర్‌ను ఆష్ చెక్కతో మొదలుపెట్టారు. 1956 నాటికి చాలామటుకు ఆల్డర్‌కు మారిపోయారు. చెక్క గీతలు కనిపించే లేత రంగు గిటార్లకు మాత్రం ఆష్ ఉంచారు. ఆష్‌లో సన్నని రంధ్రాలు ఎక్కువ, వాటిని పూడ్చి నున్నగా రంగు వేయడం పెద్ద పని. ఆల్డర్‌తో ఆ తంటా లేదు. చెక్క మారింది, సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, లోకం రెండింటినీ స్ట్రాట్ నాదమనే అంది. ఇక గిబ్సన్ సంగతి చూడండి. 1952లో లెస్ పాల్ గిటార్ వచ్చినప్పుడు మహాగనీ మీద మేపుల్ పలక అతికించి, పీ-90 అనే సింగిల్ కాయిల్ పికప్‌లు పెట్టారు. 1957లో అదే రకం బాడీలో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రూపొందించిన హంబకర్లు (కరెంటు రొద తగ్గించే జంట కాయిల్ పికప్‌లు) బిగించారు. చెక్క అదే. కానీ ఈ రోజుకీ గిటార్ తెలిసినవాళ్లు ఆ రెండింటినీ రెండు వేర్వేరు వాద్యాల్లాగే చూస్తారు. ఇంకేం సాక్ష్యం కావాలి?

క్వీన్ రాక్ బృందం గిటారిస్టు బ్రయన్ మే తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్న గిటార్‌కి మెడ పాత నిప్పుగూడు చట్రంలోని మహాగనీ, బాడీ ఓక్, చెక్క ముక్కలు అతికించి చేసే బ్లాక్‌బోర్డ్ పలక. డాన్ఎలక్ట్రో గిటార్లకు 1950లలో ముందూ వెనకా హార్డ్‌బోర్డే, చవక అలమారాల వెనక కొడతారే, ఆ జాతిది. మీరు చూసిన పట్టికలో హార్డ్‌బోర్డుకి గడి ఉందా?

నేను చెన్నైలో సాలిగ్రామంలో ఉంటాను. పక్కనున్న రికార్డింగ్ థియేటర్లలో యాంప్లిఫయర్లు, మైకులు బాగుచేయడం నా వృత్తి. గిటార్లు ఆ దారిలోనే చేతికి వచ్చాయి. మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో కాకినాడ కుర్రాడు ఒకడున్నాడు. రోజూ ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) దాకా పోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రాత్రి తొమ్మిదికి వచ్చి గిటార్ పట్టుకుంటాడు. అతనిది మీలాగే మహాగనీ గిటార్. ఒకరోజు దాన్ని మోసుకుని పైకి వచ్చాడు. "అంకుల్, నాదం మరీ మందంగా ఉంది, పైస్థాయిలో తేట లేదు. మహాగనీ కదా అని పదునైన హంబకర్లు తెప్పించి వేయించాను. అయినా మారలేదు. చెక్కే అంత అంటారా?" అని అడిగాడు. ఆ పికప్‌ల ధర విన్నాక మా ఆవిడ కాఫీ ఇంకో గ్లాసు ఇచ్చింది, పాపం అని.

వెనక మూత విప్పాను. అందరూ పికప్ గురించే మాట్లాడతారు, ఈ మూత వెనక ఏముందో చూసేవాళ్లు తక్కువ. వాల్యూమ్ కంట్రోల్ రేకు డిప్ప మీద 'ఏ 250 కే' అని అచ్చు వేసి ఉంది. సంగతి అర్థమైంది. పికప్ పుట్టించే సంకేతానికీ ఎర్త్‌కీ మధ్య ఈ కంట్రోల్ అడ్డంగా ఉంటుంది. దాని విలువ తక్కువైతే పైస్థాయి శబ్దాల పదును అణిగిపోతుంది. సింగిల్ కాయిల్‌కి సహజంగానే పదునెక్కువ గనుక 250 కిలో ఓమ్‌లు పెట్టి కాస్త అణచడం ఆనవాయితీ. హంబకర్‌కి 500 ఉండాలి. ఈ కుర్రాడికి పికప్ బిగించిన దుకాణం మనిషి సొరుగులో దొరికినదేదో పెట్టి పంపేశాడు, బిల్లులో మాత్రం 'టోన్ అప్‌గ్రేడ్' అని రాశాడు. ఆ దుకాణం పేరు చెప్పను గానీ, అక్కడ ఏసీ బాగుంటుంది.

ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి పోయి 500 కిలో ఓమ్ కంట్రోల్ తెచ్చాను. అతను పికప్‌లకు పెట్టిన డబ్బులో దాని ధర నూరో వంతు కూడా ఉండదు. రిచీ స్ట్రీట్‌లో వస్తువు దొరకడం కష్టం కాదు. ఇరుసు పొడవు, మరలు, నాబ్ పట్టే పళ్లు మన గిటార్‌కి సరిపోయేది దొరకడమే కష్టం. అందుకే పాతదాన్ని విప్పి జేబులో వేసుకుని వెళ్లండి, నోటితో వర్ణించి తెచ్చుకోవాలని చూడకండి. బిగించి తీగ మీటగానే కుర్రాడి మొహం విప్పారింది. మహాగనీ మహాగనీలాగే ఉంది, తేట వచ్చింది.

అక్కడితో ఊరుకున్నాడా? "అయినా అంకుల్, చెక్క గొంతు పికప్‌లోకి వస్తుంది కదా?" అని మొదలుపెట్టాడు. అప్పుడు నా చూపు వీణ మీద పడింది.

మా ఆవిడది విజయనగరం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొబ్బిలి వీణ ఉంది, ఒకే పనస దుంగను తొలిచి చేసినది. చెక్క గొప్పతనం చెప్పుకోవాలంటే అలాంటిదాని దగ్గర చెప్పుకోవాలి. తీగ కంపిస్తే గుర్రం (తీగలు ఆనే దిమ్మ) కంపిస్తుంది, గుర్రం కింద పలక, పలక కింద కుండ, కుండలోని గాలి. అక్కడ చెక్కే గొంతు. నేను కుర్రాడి పాత హంబకర్ తీసుకుని, దాని తీగలకు ఒక జాక్ అతికించి, యాంప్లిఫయర్‌కి కలిపి, వీణ తీగల మీద బోర్లించి పట్టుకున్నాను. తీగకీ దానికీ రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటుందేమో. "ఏవండీ, ఆ అయస్కాంతం తీగల దగ్గర పెట్టకండి, శ్రుతి చెదురుతుంది" అంటూనే ఆవిడ కూర్చుని సారణి, అంటే మొదటి ఉక్కు తీగ, మీటింది.

యాంప్లిఫయర్‌లో మోగింది, గట్టిగా, శుభ్రంగా. కానీ ఆ మోతలో పనస లేదు, కుండ లేదు. కళ్లు మూసుకుని వింటే ఎవరో గిటార్ మీద సరిగమలు మీటుతున్నారనుకుంటారు. "ఇది నా వీణ గొంతు కాదు" అంది ఆవిడ చిరాగ్గా. తర్వాత మంద్రం మీటమన్నాను. ఆవిడ వీణకి మంద్రం, అనుమంద్రం ఇత్తడి తీగలు. గదిలో నిండుగా మోగింది, నేల మీద కూర్చున్న నాకు మోకాళ్లకు తెలిసింది. యాంప్లిఫయర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. కుర్రాడు వాల్యూమ్ పెంచాడు. కరెంటు గుయ్ మనే చప్పుడు పెరిగింది తప్ప ఇత్తడి తీగ జాడ లేదు. అనుమంద్రమూ అంతే. మళ్లీ ఉక్కు సారణి మీటితే ఒక్కసారిగా గది అదిరి, పక్క ఫ్లాట్ వాళ్ల కుక్క మొరిగింది.

గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఇత్తడి ఎంత ఊగినా దానికి పట్టదు. ఎదురుగా గది నిండా మోగుతున్న పనస కుండనే పట్టించుకోని పరికరం, మీ గిటార్‌లో రంగు పూత కింద కదలక మెదలక ఉన్న మహాగనీ గొంతు వింటుందా? చెక్క నాదమే కావాలంటే వీణ కచేరీల్లో చెక్కకు అతికించే కాంటాక్ట్ మైకు ఉంది, అది వేరే జాతి. ఆవిడ చెప్పిన మాట కూడా అక్షరాలా జరిగింది. పికప్ మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం సారణిని లాగి స్వరం వణికింది. గిటార్‌లోనూ పికప్‌ను తీగలకు అంటుకునేలా పైకి లేపి, శ్రుతి నిలవడం లేదని మెడను తిట్టేవాళ్లున్నారు.

ఇప్పుడు కింద ఎవరో ఒకరు రాస్తారు: "తీగ కంపాన్ని చెక్క పీల్చుకుంటుంది కదా, అప్పుడు తీగ ఊగే తీరే మారుతుంది కదా" అని. పీల్చుకుంటుంది, కాదనను. నా లెక్కలో అది రూపాయిలో అయిదు పైసలు, అందులోనూ బాడీ కన్నా మెడ వాటాయే ఎక్కువ. ఇంకొకరు బాడీ మీద వేలితో కొట్టి, స్పీకర్‌లో టకటక వినిపించి, ఇదిగో చెక్క అంటారు. తీగలన్నీ అరచేత్తో గట్టిగా అదిమి కొట్టి చూడండి. అప్పటికీ వినిపిస్తే మీ పికప్‌లో చుట్లు వదులుగా ఉన్నాయని అర్థం. అందుకే కాయిల్‌ను కరిగిన మైనంలో ముంచుతారు. వీణ మెట్లు నిలబడేది మైనంలోనే, పికప్ నోరు మూయించేది కూడా మైనమే అంటే కుర్రాడు నవ్వాడు గానీ ఆవిడ నవ్వలేదు.

మరి బాస్‌వుడ్ కొనవచ్చా అంటే నిక్షేపంగా కొనండి. తేలిగ్గా ఉంటుంది. మూడు గంటల కచేరీలో నాలుగు కిలోల గిటార్ మోసిన భుజానికి ఆ విలువ తెలుస్తుంది. మెత్తని చెక్క గనుక మరమేకు బిగించేటప్పుడు జాగ్రత్త, రంధ్రం గుల్లబారితే పట్టదు, తలుపు అంచుకి తగిలితే సొట్ట ఖాయం. చెక్కను ఎంచుకోవడానికి ఇవి కారణాలు. చెన్నైలో అయితే ఇంకొకటి కలుపుతాను. ఐప్పసి (తమిళ నెల, అక్టోబర్-నవంబర్) వానలకు మెడ ఎటు వంగుతుందో చూసుకోండి. బీచి పక్కన ఉండేవాళ్లకు తీగలు తుప్పు పట్టినంత వేగంగా ఏ చెక్కా నాదాన్ని మార్చదు. తుప్పు తీగలతో పికప్‌లు పరీక్షించి, పెద్ద సమీక్షలు రాసేవాళ్లను నేనెరుగుదును.

కరెంటు గురించి కూడా ఒక మాట. సింగిల్ కాయిల్ వేస్తే మన 50 హెర్ట్జ్ గుయ్‌గుయ్ వెంట వస్తుంది. పాత ఇళ్లలో ప్లగ్గు మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది, దాని వెనక తీగే ఉండదు. ముందు ఇంటి ఎర్త్ చూపించుకోండి. ఎలక్ట్రీషియన్ వెయ్యి రూపాయలు అడిగితే బేరమాడే మనిషే పన్నెండు వేల పికప్‌ను మారు మాట్లాడకుండా కొంటాడు.

ఈ చెక్క గోల వింటే నాకు మాండలిన్ శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. మన పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసి, ఈ ఊళ్లో స్థిరపడినవారు. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంట తీగలు వదిలి అయిదు ఒంటి తీగలు వేసుకుని, భైరవిని ఊదినట్టు వాయించారు. ఆ నిలకడ పికప్, యాంప్లిఫయర్ ఇచ్చినది, ఆ గమకం వేళ్లు ఇచ్చినది. మార్గశిరంలో సభల్లో ఆయన కచేరీకి టికెట్ల కోసం బారులు తీరినవాళ్లలో ఒక్కరైనా అది ఏ చెక్క అని అడిగి ఉంటారా?

సరే, మీ గిటార్ల దగ్గరికి వద్దాం. గట్టిగా డిస్టార్షన్ (శబ్దాన్ని బరకగా మార్చడం) పెట్టి వాయించేవాళ్లయితే రెండింటికీ హంబకర్లే వేయండి. తేటగా, స్వరం స్వరం విడివిడిగా కావాలంటే ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన) అయస్కాంతం ఉన్న, తక్కువ చుట్ల పికప్ చూడండి. చుట్లు పెరిగేకొద్దీ శబ్దం పెరిగి తేట తగ్గుతుంది. అమ్మేవాళ్లు మొదటిది చెబుతారు, రెండోది మింగేస్తారు. బ్రిడ్జి (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర తీగల ఎడం కొలవండి: గిబ్సన్ తరహాకు చివరి తీగ నుంచి చివరి తీగకు సుమారు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా ట్రెమొలోకు (స్వరం వంచే మీట ఉన్న బ్రిడ్జికి) అంతకన్నా కాస్త ఎక్కువ. పికప్ మీద వరసగా కనిపించే లోహపు మేకులు తీగల కిందికి రాకపోతే ఎంత ఖరీదైనదైనా అంచు తీగలు నీరసంగా పలుకుతాయి. ఆరు మీటర్ల చవక కేబుల్ కూడా పైస్థాయిని కోస్తుంది. ఇంట్లో వాయించడానికి మూడు మీటర్లు చాలు.

ఏదైనా కొనే ముందు వెనక మూత విప్పి వాల్యూమ్ కంట్రోల్ మీద ఏం రాసి ఉందో చూడండి. తర్వాత గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, కేబుల్ రెండో చివరనున్న జాక్ మొనకీ దాని లోహపు ఒంటికీ మల్టీమీటర్ ఆనించి ఎన్ని కిలో ఓమ్‌లు వస్తున్నాయో రాసుకోండి. ఆ రెండు అంకెలూ, మీ యాంప్లిఫయర్ పేరూ ఇక్కడ పెడితే ఏ పికప్ వేయాలో చెబుతాను. చెక్క పేరు రాయకపోయినా ఫరవాలేదు.