రౌటర్ ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ నెట్ స్పీడ్ ఎందుకు పడిపోతోంది?

మీది హనుమకొండలో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. కరెంటు పోయి వచ్చినా, మీరే రౌటర్ ఆపి ఆన్ చేసినా ఫోన్‌లో స్పీడ్ 40కి పడిపోతోంది, ఏ మర్నాటికో మళ్లీ పెరుగుతోంది అన్నారు. కస్టమర్ కేర్ వాళ్లు ఇంకోసారి రీస్టార్ట్ చేయమంటున్నారు, ఎవరో వీడియోలో మాత్రం 10 రోజులు రౌటర్ ముట్టుకోవద్దన్నారు. మీ విషయంలో ఈ రెండూ పనికొచ్చే సలహాలు కావు. మా నాన్న వాళ్లింట్లో రాగి లైన్ మీదా, మా ఇంట్లో ఫైబర్ మీదా ఇదే బాధ పడ్డాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రౌటర్ ఆన్ అయిన ప్రతిసారీ బయటి లైన్ (అది రాగిదైతే), ఇంట్లోకి ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టెకూ రౌటర్‌కూ మధ్య ఉన్న కేబుల్, ఫోన్‌తో వైఫై, ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకుని ఏ స్పీడ్‌లో నడవాలో తేల్చుకుంటాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాటలో, అంటే వేలంలో, పలికిన ధరను బట్టే ఆ రోజు కొనుగోళ్లు నడిచినట్టు, అప్పుడు కుదిరిన లెక్కే చాలావరకు ఆ లింక్ మళ్లీ తెగేదాకా నడుస్తుంది. ఊరికే రీస్టార్ట్ కొడుతూ పోతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుందే తప్ప అసలు తప్పు ఎక్కడుందో తెలియదు. ఏ లింక్ తక్కువకు కుదిరిందో పట్టుకోవాలి.

ఆ 10 రోజుల మాట పాత టెలిఫోన్ తీగల మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్‌ది. బ్రిటన్‌లో ఓపెన్‌రీచ్ అనే కంపెనీ రాగి లైన్లకు డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్ అనే పద్ధతి ఉంది. లైన్ పదేపదే తెగుతుంటే అది బాగోలేదని ఆ వ్యవస్థ అనుకుంటుంది, తెగకుండా ఉండేందుకు స్పీడ్ తగ్గిస్తుంది. మళ్లీ పెంచడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. అక్కడ రౌటర్‌ను మాటిమాటికీ ఆపొద్దనడం న్యాయమే. గిర్మాజీపేటలో మా నాన్న వాళ్లింటికి ల్యాండ్‌లైన్ మీద నెట్ ఉన్నప్పుడు వాన పడితే చాలు, మోడెమ్ ఆన్ చేయగానే సగం స్పీడ్‌కే కుదిరేది. లైన్‌మన్ అన్న నిచ్చెనెక్కి స్తంభం మీది జాయింట్ విప్పితే తీగంతా ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ ముక్క కోసేసి కొత్తగా కలిపాకే స్పీడ్ నిలబడింది. తీగలో గరగర ఎక్కువగా ఉన్న సమయంలో మోడెమ్ ఆన్ అయితే అది తక్కువ స్పీడ్‌కే ఒప్పుకుంటుంది, తర్వాత లైన్ బాగుపడినా సాధారణంగా దానంతట అది పెరగదు.

మీది ఫైబర్. అందులో ఈ గరగర ఉండదు. కాబట్టి నా అనుమానమంతా వైఫై మీదే, మా ఇంట్లో తేలింది కూడా అదే. మా చెల్లెలు హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఒకసారి ఆగి లేచేది, ఇక ఆ పూటంతా వీడియో కాల్‌లో మాట ఆగి ఆగి వచ్చేది. ఆమెకు ఎంత టెన్షనో! చివరికి ల్యాప్‌టాప్‌లో వైఫై వివరాలు తెరిచి చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. మామూలు రోజుల్లో అక్కడ 5 అని ఉంటుంది. ఇవి రౌటర్ వైఫై ఇచ్చే రెండు బ్యాండ్లు: 2.4 నెమ్మది, 5 వేగం.

జరిగేది ఏమిటంటే, రౌటర్ లేవగానే 2.4 బ్యాండ్ ముందు వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్లనైతే, అక్కడ రాడార్ సిగ్నల్ ఏదీ లేదని కనీసం ఒక నిమిషం విని చూసుకున్నాకే రౌటర్ వాడాలి. ఆలోపు ఫోన్ దొరికిన 2.4ను పట్టేసుకుంటుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి కాబట్టి వదలదు. చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అదే బ్యాండ్‌లో అరుస్తుంటే 30, 40 రావడమే గొప్ప. మీరు బయటికెళ్లి ఇంటికొచ్చాక ఫోన్ కొత్తగా కలుస్తుంది, అప్పుడు 5ను పట్టుకుంటుంది. మర్నాటికి పెరగడం వెనక మర్మం ఇదే అయ్యుండాలి.

రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే విడదీసి వేర్వేరు పేర్లు పెట్టండి. ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ 5 దానికే కలిపి, వాటిలో 2.4 పేరును మర్చిపోమని చెప్పండి. 5లో ఛానెల్‌ను ఆటోలో వదలకుండా 36 నుంచి 48 లోపు ఒకటి పెడితే ఆ రాడార్ నిరీక్షణ ఉండదు. మా ఇంట్లో ఈ మార్పు చేశాక కరెంటు పోయి వచ్చినా స్పీడ్ పడలేదు.

వైఫై సరిగ్గానే ఉందని తేలితే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి టెస్ట్ చేయండి. సరిగ్గా 94 దగ్గర ఆగిపోతే ఫైబర్‌ను తిట్టకండి, తప్పు చాలావరకు కేబుల్‌దే. గిగాబిట్‌కు లోపలి 8 తీగలూ ఆడాలి. ఒక్కటి తెగినా, క్లిప్పులో వదులైనా లింక్ సాధారణంగా 100కి దిగిపోతుంది, దాంట్లో చేతికొచ్చేది 94 చిల్లర. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే వాటి మధ్య కేబుల్ కూడా మార్చి చూడండి.

ఇక మిగిలింది బయటి ఫైబర్. మన దగ్గర స్తంభం నుంచి స్తంభానికి వేలాడే తీగను కోతులు పట్టి లాగుతాయి, లేదంటే సోఫా వెనక అది మడతపడి ఉంటుంది. ఫైబర్ పెట్టె స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే పెట్టెకు చేరే కాంతి బలం, చూడండి: మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత, మైనస్ 27 దాటితే టెక్నీషియన్ వచ్చి తీరాలి. నెల డేటా పరిమితి అయిపోయిందేమో కూడా యాప్‌లో ఒకసారి చూసుకోండి.

కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో మళ్లీ రీస్టార్ట్ మాటే చెబితే వినొద్దు. కేబుల్ మీద వచ్చిన స్పీడ్, పవర్ రీడింగ్ చెప్పి ఫిర్యాదు రాయించండి, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నియమాల ప్రకారం అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. గడువులోగా పరిష్కరించకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయొచ్చు. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి ఆ నంబర్ పోగొట్టుకోకండి.

ఈలోగా ఒక మినీ యూపీఎస్ కొనుక్కోండి. చాలా రౌటర్లు 12 వోల్టులవే, అయినా అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే తీసుకోండి. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కనెక్షన్ ఇవ్వాలి, లేకపోతే రౌటర్ ఒక్కటే వెలుగుతూ ఉంటుంది, నెట్ ఉండదు.