యూనివర్సిటీలో గెస్ట్ లెక్చర్ పెట్టాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఈ సెమిస్టర్ నుంచి డిపార్ట్‌మెంట్ గెస్ట్ లెక్చర్లు నువ్వే చూసుకో అని హెచ్‌ఓడీ (శాఖాధిపతి) చెప్పారు. ఎవరిని పిలవాలి, ఎలా అడగాలి, డబ్బులు ఎంతని చెప్పాలి, పిల్లలు రాకపోతే ఏం చేయాలి" అని మీరు అడిగారు. హైదరాబాద్‌లో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో హిస్టరీ పీహెచ్‌డీలో చేరిన ఏడాదే ఈ పని నా చేతికొచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు నేనే చూసుకున్నాను. తెలిసినంతా చెప్తాను.

ముందుగా నా మొదటి సభ గురించి చెప్పాలి. అలా జరగకూడదు కాబట్టే చెప్తున్నాను. విశాఖ నుంచి రిటైరైన ఒక ప్రొఫెసర్‌ను పిలిచాం. డెబ్బై దాటిన మనిషి. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పొద్దున్నే దిగారు. సభ పదిన్నరకన్నాం, పదకొండుంపావుకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, స్వాగతం, ఆ తర్వాత వేదిక మీదున్న నలుగురు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆయన చేతికి మైకు వచ్చేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకు మెస్ తెరుస్తారు. వెనక వరుసలు లేవడం మొదలైంది. ఆయన చేత్తో రాసుకొచ్చిన కాగితాల కట్ట తీసి, పై నాలుగైదు చదివి, మిగతావి మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కారెక్కుతూ, "పిల్లలతో మాట్లాడదామని వచ్చాను బాబూ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆయనకు ఇవ్వాల్సిన డబ్బు చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

అప్పటినుంచి నేను పట్టుకున్న లెక్క ఒక్కటే: వచ్చిన మనిషికీ విన్న పిల్లలకీ మధ్య గంటసేపు మాట నడిచిందా లేదా. శాలువా, ఫ్లెక్సీ, పేపర్లో ఫొటో అన్నీ దాని తర్వాతే.

ఎవరిని పిలవాలన్న దానికి పేరున్నవాళ్ళ జాబితాతో మొదలుపెట్టకండి. ఈ సెమిస్టర్‌లో ఏ పేపర్లు నడుస్తున్నాయో, ఏ యూనిట్ దగ్గర పిల్లలు బిక్కమొహం వేస్తున్నారో పాఠం చెప్పేవాళ్ళను అడగండి. పిలవాల్సిన మనిషి అక్కడే దొరుకుతాడు. ఇంకో మాట. తెలుగు శాఖలైతే ఆగస్టు 29న గిడుగు జయంతికి, సైన్సు శాఖలైతే ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి, గణితం వాళ్ళు డిసెంబరు 22న రామానుజన్ జయంతికి సభ పెట్టాలనుకుంటారు. మంచిదే. కానీ ఆ రోజుల్లో మంచి వక్తను పది కాలేజీలు పిలుస్తాయి, ఆయన ఒకచోట దిగి ఇంకోచోటికి పరుగెత్తాలి. అదే మనిషిని ఆ తర్వాత మూడు వారాలకు, ఏ పండగా లేని బుధవారం నాడు పిలవండి. తీరిగ్గా వస్తారు, తీరిగ్గా మాట్లాడతారు.

వీలైతే ఒక్క ఉపన్యాసంతో సరిపెట్టకుండా మర్నాడు పొద్దున కూడా ఉండమనండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, 1933లో, రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 'మనిషి' అన్న అంశం మీద ఉపన్యాసాలిచ్చారు, అవి తర్వాత పుస్తకంగా కూడా వచ్చాయి. అంత పెద్దవి మనం చేయలేకపోవచ్చు. అయినా రెండోరోజు పొద్దున గెస్ట్ హౌస్ వరండాలో టీ తాగుతూ ఎనిమిది మంది రీసెర్చ్ స్కాలర్లు మీ వక్త చుట్టూ కూర్చుంటే, వేదిక మీద రాని మాటలు అక్కడ వస్తాయి. నేను చాలాసార్లు చూశాను.

అడగడం ఎలాగంటే ముందు ఫోన్, ఆ తర్వాత లెటర్‌హెడ్ మీద ఉత్తరం. ఉత్తరం ఒక్కటే పంపితే సర్క్యులర్ అనుకుని పక్కన పెడతారు, ఫోన్ ఒక్కటే చేస్తే తేదీ మర్చిపోతారు. "ఏదైనా ఒక అంశం మీద మాట్లాడండి సార్" అనొద్దు. "మా ఎంఏ రెండో సంవత్సరం పిల్లలు నలభై మంది ఉంటారు, ఈ యూనిట్ చదివారు, ఈ ఒక్క విషయం మాత్రం వాళ్ళకు అర్థం కావడం లేదు, దాని మీద ముప్పావుగంట మాట్లాడి అరగంట ప్రశ్నలకు ఉంచండి" అనండి. తెలుగులో మాట్లాడొచ్చో లేదో మీరే ముందు చెప్పండి. మాట్లాడొచ్చని ఎవరూ చెప్పక, యూనివర్సిటీ కదా అని ఇంగ్లీషులో తడబడిన మంచి వక్తలను ఇద్దరిని చూశాను. మెట్లు ఎక్కగలరా, ఏం తింటారు, షుగర్ మాత్రల వేళ ఏది, ఇవి కూడా అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, సంతోషిస్తారు.

ఇక డబ్బు. మనవాళ్ళు నోరు విప్పని చోటు ఇదే. మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి: ఇంత ఇవ్వగలం, ప్రయాణ ఖర్చులు ఇలా, ఆఫీసు నుంచి రావడానికి ఇన్ని వారాలు పడుతుంది. "మీ స్థాయికి తగ్గట్టు ఇచ్చుకోలేం గానీ" అంటూ నసిగి అంకె దాచిపెడితే ఎదుటివాళ్ళకు ఇబ్బంది. సభకు ముందే నోట్ ఫైల్ (ఖర్చుకు అనుమతి అడిగే ఫైలు) పెట్టి శాంక్షన్ తీసుకోండి. సభ అయ్యాక పెట్టే ఫైలుకు ఆడిట్ వాళ్ళు తప్పకుండా అభ్యంతరం రాస్తారు. పాన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో ఉత్తరంతో పాటే అడిగి తెప్పించుకోండి. టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటారా లేదా ఆఫీసులో కనుక్కుని, పట్టుకునేట్టయితే చేతికి ఎంత వస్తుందో అదే అంకె చెప్పండి. చేతికి నగదు ఇస్తే, ఐదు వేలు దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. నా డెస్క్‌లో ఆ స్టాంపుల షీటు ఒకటి ఎప్పుడూ ఉంచుకునేవాణ్ణి. రైలు టికెట్ మీరే బుక్ చేయండి, వాళ్ళ జేబులోంచి పెట్టించి తర్వాత ఇస్తామనొద్దు. అడ్వాన్స్ తీసుకునే వీలుంటే తీసుకుని వారంలో సెటిల్ చేయండి. సెక్షన్‌లో బిల్లు చూసే మనిషి దగ్గరికి రెండు రోజులకోసారి నడిచి వెళ్ళండి. మీరు కూర్చున్న చోటే కూర్చుంటే ఫైలు కూడా కూర్చున్న చోటే ఉంటుంది.

ఆరేళ్ళలో నేను బాగా జరిగిందనుకునే సభ గురించి కొంచెం వివరంగా చెప్తాను.

దక్కన్ వస్త్ర వ్యాపారం మీద ఒక యూనిట్ ఉండేది. తేలియా రుమాళ్ళు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే బట్టలు, చీరాల వైపు నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళేవని పిల్లలు రాసుకుంటారు, కానీ ఒక్కరూ ఆ బట్టను చేత్తో ముట్టుకుని ఎరగరు. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో ఇప్పటికీ నేస్తారు. ఆ రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఒక పెద్దాయనను పిలుద్దామని ఊరికి వెళ్ళాను. ఆయన అంతా విని, "ఆసు పోసేది మా ఇంట్ల ఆమె. ఆమె రాకుంటె నేనొక్కణ్ణొచ్చి ఏం చెప్త సారూ?" అన్నారు. ఆసు పోయడమంటే నేతకు ముందు దారాన్ని చట్రం మీది మేకులకు చుట్టడం. ఆమెను కూడా పిలవాలని నాకు తట్టనే లేదు. ఇద్దరినీ పిలిచాం.

ఫైలు వెనక్కి వచ్చింది. రిసోర్స్ పర్సన్ల (పిలిచిన వక్తల) వివరాల ఫారంలో 'విద్యార్హత', 'హోదా' అని రెండు గడులున్నాయి. ఆయన ఐదో తరగతి, ఆమె అసలు బడికే పోలేదు. అర్హత లేనివారికి రెమ్యునరేషన్ ఎలా అని రాశారు. మా హెచ్‌ఓడీ మేడం ఆ ఫైలు మీద తన చేత్తో, ఈ విషయంలో యాభై ఏళ్ళ అనుభవమే వీరి అర్హత, ప్రొఫెసర్‌కు ఇచ్చేదే ఇద్దరికీ విడివిడిగా ఇవ్వాలి అని రాసి, చేనేత గుర్తింపు కార్డుల నకళ్ళు జతచేసి పంపారు. మూడు వారాలు తిరిగాం, పాసైంది. మీకూ ఇలాంటిది ఎదురవుతుంది. చేతిపనివాళ్ళను, రైతులను, ఒగ్గు కథ చెప్పేవాళ్ళను పిలవాలనుకుంటే ఆ మూడు వారాలు ముందే లెక్కలో వేసుకోండి. గడి నింపలేమని ఆ మనుషులను మాత్రం వదులుకోకండి.

సభ రోజు సెమినార్ హాలు వద్దనుకుని మా క్లాసురూమే తీసుకున్నాం. బెంచీలు గోడకు జరిపి మధ్యలో చాప వేశాం. ఆమె ఆసు చట్రం ముందు కూర్చున్నారు. ఒక వైపు అర్ధచంద్రాకారంలో వరుసగా చిన్న చిన్న మేకులు, ఎదురుగా కొంత దూరంలో ఇంకొకటి. దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో మేకుకూ చుట్టుకు రావాలి. ఒక చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి తిరగాలని చెప్తే ఎవరూ నమ్మలేదు. ఒక అబ్బాయిని కూర్చోబెట్టారు. నాలుగు నిమిషాలకు భుజం పట్టుకున్నాడు. చింతకింది మల్లేశం తన తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం చేశారని, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని పిల్లలకు తెలుసు. ఎందుకు చేశారో మాత్రం ఆ నాలుగు నిమిషాల్లోనే తెలిసింది.

పెద్దాయన తేలియా రుమాలు ముక్క ఒకటి తెచ్చి చేతి నుంచి చేతికి పంపించారు. ఎరుపు, నలుపు, తెలుపు. "వాసన చూడుండ్రి" అన్నారు. నూలుకు నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి రోజుల తరబడి పట్టిస్తారు కదా, ఆ నూనె వాసన బట్టలో ఇంకా ఉంది. వెనక బెంచీలో కూర్చున్న పిల్లలు లేచి చాప దగ్గరికి వచ్చి కూర్చున్నారు. గంటంబావు అనుకున్నది రెండున్నర గంటలు నడిచింది. మెస్ టైమ్ దాటింది, ఒక్కరు లేవలేదు.

అది దానంతటదే జరిగిందనుకోవద్దు. వారం ముందు క్లాసులో అరగంట ఈ విషయమే చెప్పాం. ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న కాగితం మీద రాసివ్వాలన్నాం. ముప్పై ఎనిమిది వచ్చాయి. అందులో పదకొండు ఏరి, రాసినవాళ్ళకే తిరిగిచ్చి "ఇది నువ్వే అడగాలి" అన్నాం. ప్రశ్న చేతిలో ఉన్న పిల్లాడు సభ ఎగ్గొట్టడు. మీ నాలుగో సందేహానికి నా దగ్గరున్న జవాబు ఇదే. హాలు నిండాలని పక్క డిపార్ట్‌మెంట్ పిల్లలను అటెండెన్స్ పేరు చెప్పి తోలుకొస్తే, వాళ్ళు ఫోన్లలో తల దించుకుని కూర్చుంటారు, వక్తకు వేదిక మీద నుంచి అదే కనిపిస్తుంది. నలభై మందికి నలభై సీట్ల గది చాలు.

వేదిక మీద పెద్దల సంగతి సున్నితమైనది. స్వాగతం మూడు నిమిషాలు, పరిచయం రెండు, వక్త నలభై ఐదు, ప్రశ్నలు ముప్పై, వందన సమర్పణ రెండు అని నిమిషాలతో సహా కాగితం మీద రాసి వారం ముందే హెచ్‌ఓడీ సంతకం తీసుకోండి. అప్పుడది మీ మాట కాదు, హెచ్‌ఓడీ నిర్ణయం. వీసీ గారో ప్రిన్సిపాల్ గారో తప్పక రావాలంటే, సభకు ముందు వక్తతో కలిసి టీకి పిలవండి. సన్మానం కూడా మొదట్లోనే చేయించండి. వాళ్ళకు మీటింగులుంటాయి, శాలువా కప్పి వెళ్ళిపోగలుగుతారు.

పరిచయం రాసుకున్నాక వక్తకే ఫోన్‌లో చదివి వినిపించండి. ఇంటిపేరు తప్పు పలికితే ఆ సభంతా ఆయన మనసులో అదే ఉంటుంది. పీపీటీ ముందురోజే తెప్పించుకుని, అదే గదిలో అదే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు మీ సిస్టమ్‌లో పిచ్చి గీతలుగా వస్తుంది. పీడీఎఫ్ అడగడం మేలు. మైకు గంట ముందు చూసుకోండి, మైకు చూసే అన్నకు టీ ఇప్పించి హాల్లోనే ఉండమనండి.

న్యాక్ (యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) కోసం జియోట్యాగ్ ఫొటోలు (తీసిన చోటు నమోదయ్యేవి), హాజరు పట్టిక, ఫీడ్‌బ్యాక్ ఫారాలు కావాలంటారు. ఆ పని ఒక్కరికే అప్పగించండి. మాట మధ్యలో ఆపి "సార్, ఒక్క ఫొటో" అనడం మాత్రం ఎవరికీ ఒప్పుకోవద్దు.

సభ అయ్యాక పిల్లలు రాసిన దాంట్లో మంచివి నాలుగు, ఫొటోలు ఉత్తరంతో పాటు పంపండి. డబ్బు పడ్డాక మీరే ఫోన్ చేసి అందిందా అని అడగండి. పుట్టపాక ఆమెకు డబ్బు పడ్డ రోజు ఆమే ఫోన్ చేశారు. ఆమె పేరు మీద బ్యాంకులో పడ్డ మొదటి సంపాదన అదేనట. ఇన్నేళ్ళూ కూలి ఆయన పేరునే వచ్చేదట. "మల్ల ఎప్పుడు రమ్మంటరు?" అని అడిగారు. తర్వాతి ఏడాది మళ్ళీ పిలిచాం.

మీకు ఇంకా సెమిస్టర్ మొదలే కాబట్టి టైముంది. రేపు ఆఫీసుకెళ్ళి రెండు అడగండి: ఈ ఏడాది గెస్ట్ లెక్చర్ల పద్దు కింద ఎంత మిగిలింది, పాత నోట్ ఫైల్ ఒకటి చూడనిస్తారా. ఆ ఫైలు చూస్తే మీ దగ్గర ఏ గడి నింపమంటారో, ఎవరి సంతకం దగ్గర ఆగుతుందో తెలిసిపోతుంది. వక్తకు ఫోన్ ఆ తర్వాత చేయండి.