ఒళ్లే మైల అనుకున్న పిల్ల దేవుడి గదిలోకి ఎలా వస్తుంది?

పద్నాలుగేళ్ల మీ అమ్మాయి పెద్దమనిషి అయినప్పటి నుంచి దేవుడి గదిలో అడుగు పెట్టడం లేదని, లావైపోయానంటూ రాత్రి భోజనం మానేస్తోందని, తరగతిలో ఒక అబ్బాయి మీద ఇష్టం కలిగినందుకు దేవుడికి కోపం వస్తుందేమోనని మీ దగ్గర ఏడ్చిందని రాశారు. ఈ మూడూ ఒకే ఏడాదిలో నాకూ జరిగాయి.

నేను రజస్వల అయినప్పుడు పశ్చిమ గోదావరిలోని మా ఊళ్లో నన్ను వసారా మూలన చాప మీద కూర్చోబెట్టారు. చిమ్మిలి ముద్దలు తినిపించి అందరూ ముద్దు చేశారు గానీ, నా కంచం, గ్లాసు మాత్రం చూరు కింద విడిగా బోర్లించి ఉండేవి. తెల్లవారుజామున నాయనమ్మ లలితా సహస్రనామం చదువుతుంటే అలవాటు కొద్దీ నా పెదవులు కదిలేవి. అంతలోనే మైల గుర్తొచ్చి చేత్తో నోరు మూసుకునేదాన్ని. ఓణీల వేడుక నాడు పసుపు రాస్తూ బంధువు ఒకావిడ ‘రంగు తక్కువ, ఒళ్లు ఎక్కువ’ అంది. ఆ తరువాత చాలాకాలం అద్దం ముందు నిలబడలేకపోయాను. తన ఒళ్లే మైల అని నమ్మిన పిల్లకు ఆ ఒంట్లో పుట్టే ఆకలీ, ఇష్టమూ కూడా తప్పులుగానే తోస్తాయి.

డిగ్రీ చదివే రోజుల్లో గౌహతి కామాఖ్య గుడి గురించి తెలిసింది. ఏటా జూన్‌లో వచ్చే అంబుబాచి రోజుల్లో అమ్మవారు రజస్వల అయిందని మూడు రోజులు తలుపులు మూసి, నాలుగో రోజు తెరిచి, ఎర్రగుడ్డ ముక్కలను ప్రసాదంగా పంచుతారు. పన్నెండో శతాబ్దంలోనే కన్నడనాట బసవేశ్వరుడు చూపిన శివభక్తి మార్గం ముట్టును మైలగా ఒప్పుకోలేదు. ఇవన్నీ నాయనమ్మకు చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి నెల నేను ముట్టులో ఉన్న రోజునే పుస్తకం నా చేతికిచ్చి, ‘నువ్వు చదువమ్మా, నేను వింటాను’ అంది.

మీ అమ్మాయి చేత ఆ రోజుల్లో కూడా దీపం పెట్టించండి, పెద్దలు అభ్యంతరం చెబితే ఆమె పక్షాన మీరు నిలబడండి. ఈ వయసులో తుంట్లు, తొడలు నిండటం ఎదుగుదలేనని చెప్పండి; 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, కడుపు మాడ్చుకోవడం ఆగకపోయినా, నెలసరి తప్పినా డాక్టరుకు చూపించండి. ఆ అబ్బాయి సంగతి మాత్రం తిట్టకుండా, నవ్వకుండా వినండి. తన మనసులో మాట ఆమె మీకు చెప్పుకోగలిగింది. నేను మా అమ్మకు చెప్పుకోలేకపోయాను.