విపుల్ (Whipple) సర్జరీలో పేగు కలిపే పద్ధతిని బట్టి పొట్ట త్వరగా కోలుకుంటుందా?

కొంత తేడా ఉండొచ్చు, కానీ చాలామంది ఆశించినంత కాదు. ఈ ఆపరేషన్‌లో క్లోమం తలభాగంతో పాటు డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం కూడా తీసేస్తారు. పొట్టను కదిలించే మోటిలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే కాబట్టి కొన్నాళ్లు తిన్నది కిందికి దిగక వికారం, వాంతులు రావచ్చు.

జీర్ణాశయానికి కలిపే పేగును పెద్దపేగు ముందు నుంచి తేవాలా, వెనక నుంచా అన్నది పాత వాదన. ముందు నుంచి తెస్తే, క్లోమం అతుకు దగ్గర లీకైనా జీర్ణాశయం అతుకు దూరంగా ఉంటుందని తర్కం. మొదట్లో కొన్ని అధ్యయనాలు దానికే మొగ్గినా, తర్వాత ర్యాండమైజ్డ్ ట్రయల్స్ (రోగులను లాటరీ తరహాలో గుంపులుగా విడదీసి పోల్చే అధ్యయనాలు) అన్నీ కలిపి చూస్తే స్పష్టమైన తేడా తేలలేదు. పైలోరస్‌ను, అంటే జీర్ణాశయం చివర ఉండే ద్వారాన్ని, ఉంచడమా తీసేయడమా అన్న దాంట్లోనూ దాదాపు అంతే.

నా ఉద్దేశంలో పొట్ట కోలుకోవడానికి అంతకన్నా ముఖ్యంగా చూడాల్సింది క్లోమ రసం లీకవడం, లోపల చీము పట్టడం. ముక్కు ద్వారా పొట్టలోకి వేసిన గొట్టాన్ని ఆపరేషన్ తర్వాత మూడో రోజు దాటినా తీయలేకపోయినా, మూడో రోజు తర్వాత మళ్లీ వేయాల్సి వచ్చినా, ఏడో రోజుకి గట్టి ఆహారం తినలేకపోయినా 2007 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం పొట్ట ఖాళీ కావడం ఆలస్యమైనట్టే. అది 14 రోజులకీ సర్దుకోకపోతే, లేదా జ్వరం తోడైతే, 'సీటీ స్కాన్‌లో లీకు ఏమైనా ఉందా' అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.