తోటలో చేసే తెగులు పరీక్ష గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అరటిలో పనామా తెగులును తోటలోనే గుర్తించే పరీక్షల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, విషయం మీద శ్రద్ధ కనిపిస్తోంది. అయితే వ్యాసంలో మూడొంతులు పరీక్షనాళికలో రంగు మారడం గురించే నడిచింది. ఆ నాళికలోకి చేరిన ముక్క ఏ చెట్టుది, ఆ చెట్టులో ఏ భాగానిది, దాన్ని ఎవరు ఎలా కోశారు అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపోయింది. ఒక చోటి నుంచి మరో చోటికి పాకకుండా ప్రభుత్వం కట్టడి చేసే క్వారంటైన్ తెగుళ్లకు పొలం పరీక్షలు తయారుచేసేవారి కష్టంలో పెద్ద భాగం ఆ వాక్యం దగ్గరే ఉంటుంది కాబట్టి, నువ్వు కూడా అక్కడే ఎక్కువసేపు నిలబడాలి.

ముందుగా, ఈ పరీక్ష అవసరం ఎందుకు వచ్చిందో పాఠకుడికి చెప్పు. అమృతపాణి అరటి వేసిన గోదావరి జిల్లాల రైతులకు ఈ వడలు తెగులు కొత్త కాదు. అది ఈ తెగులు తెచ్చే శిలీంధ్రంలో రేస్ 1 అనే పాత తెగ పని. ఇప్పుడు భయపెడుతున్నది అదే శిలీంధ్రంలో టీఆర్4 అనే మరో తెగ. పాత తెగను తట్టుకుంటుందన్న నమ్మకంతోనే ప్రపంచమంతా కావెండిష్ రకాలకు మారితే, ఇది వాటినే చంపుతోంది. మన రైతులు జి-9 అని పిలిచే గ్రాండ్ నైన్ ఆ కావెండిష్‌లలో ఒకటి. టీఆర్4 మొజాంబిక్‌లో 2013లో, కొలంబియాలో 2019లో బయటపడింది. మన దేశంలో బిహార్‌లోని కటిహార్ ప్రాంతంలో ఉన్నట్లు తెలిపే శాస్త్రీయ నివేదికలూ 2019లోనే వెలువడ్డాయి. కడప, అనంతపురం జిల్లాల జి-9 తోటలను తలచుకుంటే ఆ వార్త ఎంత దగ్గరిదో నీకు తెలుస్తుంది. రెండు తెగల లక్షణాలూ కంటికి ఒక్కటే: పాత ఆకుల అంచులు పసుపుబారతాయి, ఆకులు కాడ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి, బోదె అడుగున చీలుతుంది, కోసి చూస్తే నీటినాళాలు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. ఎంత అనుభవమున్న కన్నైనా ఇంతకు మించి చెప్పలేదు.

ఇక నమూనా సంగతి. దుంపను తవ్వకూడదు, ఎందుకంటే ఈ శిలీంధ్రం మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది, తవ్విన ప్రతిసారీ మట్టి చెదురుతుంది. బోదె కింది భాగంలో పై పొరలను చాకుతో తెరిచి, రంగు మారిన నాళాల పీచును మాత్రమే జాగ్రత్తగా లాగి, పీల్చుకునే కాగితాల మధ్య ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మకు కుళ్లి, తర్వాత అందులో దొరికేది దారిన పోయే బూజులే. పూర్తిగా చచ్చిన చెట్టును ఎంచుకున్నా ఇదే తంటా. తెగులు స్పష్టంగా కనిపిస్తూ ఇంకా పచ్చిగా ఉన్న చెట్టు కావాలి. చెట్టు చెట్టుకూ చాకు శుభ్రం చేయాలి. తోట దాటే ముందు చెప్పుల మట్టి కడిగి క్రిమిసంహారకంలో ముంచాలి. ఈ నియమం శాస్త్రవేత్తకే కాదు, నోటుపుస్తకంతో వెళ్లే నీకూ వర్తిస్తుంది.

నాళికలో జరిగేదాన్ని క్లుప్తంగా చెబితే చాలు. తెగులు జన్యువు ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి దాన్ని గుర్తించే పీసీఆర్ పద్ధతికి వేడిని పదేపదే పెంచి తగ్గించే యంత్రం కావాలి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన, అదే పని చేసే లాంప్ పద్ధతికి 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే స్థిరమైన వేడి చాలు, అందుకే అది తోట గట్టు మీద సాధ్యమైంది. కానీ అరటి బోదె కోసినప్పుడు చొక్కాకు అంటి, ఎన్నిసార్లు ఉతికినా పోని మరక వేసే ఆ రసంలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలే ఆ నకళ్లు తీసే ఎంజైము పనికి అడ్డుపడగలవు. అందువల్ల మంచి పరీక్షలో తెగులు జన్యువుతో పాటు అరటి సొంత జన్యువును కూడా వెతుకుతారు. అదీ పలకకపోతే ఆ ఫలితాన్ని నెగెటివ్ అనకూడదు. పరీక్షే జరగలేదని అర్థం. నీ వ్యాసంలో ఈ తేడా లేదు, తప్పక చేర్చు.

గుర్తింపు కచ్చితత్వాన్ని పొగిడేటప్పుడు కూడా నిదానించు. టీఆర్4 కోసం 2010లో ప్రచురించిన పీసీఆర్ పరీక్షను చాలా దేశాలు వాడాయి. అరటిలో హాని చేయకుండా బతికే కొన్ని దగ్గరి బంధు శిలీంధ్రాలకూ అది పాజిటివ్ చూపుతోందని 2019లో ఈక్వడార్ నమూనాలతో చేసిన పరిశీలనలో తేలింది. కాబట్టి పరీక్షను ఏయే శిలీంధ్రాల మీద, ఏ ప్రాంతపు నమూనాల మీద సరిచూశారో అడగకుండా నూటికి ఇంత అని రాయకు.

ఉదాహరణకు పరీక్ష కచ్చితత్వం 99 శాతం అన్న అంకెనే తీసుకుందాం. వెయ్యి చెట్లలో ఒక్కదానికే తెగులు ఉందనుకో. నూరింట ఒక ఆరోగ్యమైన చెట్టును తప్పు పట్టే పరీక్ష ఆ తోటలో దాదాపు పది మంచి చెట్లను దోషులుగా చూపుతుంది. మరోవైపు, తోటలో ఒక శాతం చెట్లకు తెగులు ఉంటే, కనీసం ఒకటైనా మన చేతికి చిక్కుతుందని 95 శాతం ధీమాగా చెప్పాలంటే సుమారు 300 చెట్లను చూడాలి. అదీ పరీక్ష ఎన్నడూ తప్పనప్పుడు, చెట్లను ఏ పక్షపాతమూ లేకుండా ఎంచుకున్నప్పుడు. తెగులు మాత్రం గుంపులు గుంపులుగా వస్తుంది, మొదట్లో వేళ్లలోనే దాగి ఉంటుంది. పది చెట్లు పరీక్షించి ‘ఈ మండలంలో టీఆర్4 లేదు’ అని రాసిన వార్తలను నేను నమ్మను.

చివరిగా ఒక విషయంలో నీతో వాదిస్తాను. గట్టు మీద పాజిటివ్ వచ్చిన ఊరి పేరు నీ వ్యాసంలో వేశావు. తోటలో వచ్చిన ఫలితం ఆ చెట్టును ప్రయోగశాలకు పంపాలా వద్దా అన్న నిర్ణయానికే పనికొస్తుంది. తెగులు ఉందని ప్రకటించాల్సింది ధ్రువీకరణ తర్వాత ప్రభుత్వ యంత్రాంగం. ఈలోగా ఊరి పేరు అచ్చయితే వ్యాపారులు ఆ ఊరి గెలలను పక్కన పెడతారు, పక్క ఊరి రైతు తన తోటలో వడలిన చెట్టును రాత్రికి రాత్రి నరికేసి ఎవరికీ చెప్పడు, ఆ తర్వాత ఏ కిట్టూ దాన్ని పట్టుకోలేదు. పేరు తీసేసి, జిల్లా కూడా చెప్పకుండా తిరగరాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థకు వెళ్లి, నమూనా సేకరణలో శిక్షణ ఇచ్చేవారిని కలిసి, నాళాల పీచు తీయడం నీ కళ్లతో చూసి, ఆ పేరాను మళ్లీ మొదటి నుంచి రాసి పంపు.