చరణం మర్చిపోతున్న రెండో తరగతి పిల్లలకు

టీచర్ గారూ, మీ పిల్లలు పల్లవి గొంతు చించుకుని పాడి, రెండో చరణానికి నీళ్లు నములుతున్నారన్నారు కదా. వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలుంది, టెన్షన్ పడకండి.

మర్చిపోయేది, రోజూ పల్లవి నుంచే మొదలుపెట్టడం వల్ల. బెల్లు కొట్టేసరికి పల్లవి పదిసార్లు, చివరి చరణం ఒక్కసారి! నాలుగు రోజులు చివరి చరణంతోనే మొదలెట్టండి. ఒక్కో పాదం మీరు పాడాలి, వాళ్లు అందుకోవాలి. మన హైదరాబాద్ క్లాసుల్లో ఇంట్లో హిందీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామందే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం చూస్తే వాళ్లకు ళ, ణ పలకవు. కాగితం పక్కన పెట్టి చెవితోనే నేర్పండి. మీ ఆడియో వాట్సాప్ గ్రూపులో పెడితే ఇంట్లో వింటారు.

అరుపులకు కారణం చాలావరకు శ్రుతే. సినిమా ట్రాకులు పెద్దవాళ్ల గొంతుకు కట్టినవి. 5, 5½ శ్రుతిలో (కీబోర్డు మీద G, G#) పాడించి చూడండి. "అరవొద్దు" అంటే ఎవరూ వినరు. "పక్కవాళ్ల గొంతు వినబడేలా పాడండి" అంటే వెంటనే తగ్గిస్తారు.

ఒక్క రిహార్సలైనా స్టేజీ మీద మైకులతో చేయించండి. బాక్సులన్నీ జనం వైపే ఉంటే పిల్లలకు ట్రాక్ సరిగా వినబడక తాళం తప్పుతారు. సౌండ్ అతనితో ఒక బాక్సు వాళ్ల వైపు తిప్పించండి. వార్షికోత్సవం రోజు మీరు ఎదురుగా నిలబడి పెదాలు మాత్రం కదపండి.